బలం మాత్ర

ఫిబ్రవరి 2

ఇంటి పుస్తకంలో రాయలేని సంగతి ఒకటి వచ్చింది కనుక ఈ నోటుబుక్కు. ఇంటి పుస్తకాన్ని ఎవరైనా తిరగేస్తారు. ఇది కుట్టుమిషను సొరుగులో ఉంటుంది.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. రక్తం పదమూడు ఉంది. వీధి చివరి డాక్టరు గారు చూసి, ఈ వయసులో ఇంత రక్తమా, మాకు కొంచెం అప్పివ్వండమ్మా అని నవ్వారు. బలం మాత్ర ఇంకా వాడాలా అని అడిగితే, దేనికండీ అన్నారు.

ఆయనకు చెబితే ఒప్పుకోరు. అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి సాయంత్రం టీ తర్వాత సీసాలోంచి ఒక మాత్ర తీసి, నీళ్ల గ్లాసుతో సహా తెచ్చి ఇస్తారు. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు మరవలేదు. పెళ్లిరోజు మరిచారు, పుట్టినరోజులు మరిచారు, ఒకసారి నన్నే బస్టాండులో మరిచి వచ్చారు. మాత్ర మాత్రం మరవరు. పక్కింటావిడ, మా ఆయన ఎక్కిళ్లొచ్చినా మంచినీళ్లివ్వడు, నువ్వు పెట్టి పుట్టావమ్మా అంటుంది.

అంత ఇదిగా ఇచ్చేదాన్ని వద్దనలేను. అక్కర్లేనిది మింగనూ లేను. ఈ సాయంత్రం మాత్రను దవడ పక్కన పెట్టుకుని నీళ్లు తాగి, వంటింట్లోకి వచ్చి తీసేశాను. పారేయడానికి చేతులు రాలేదు. గుండీల డబ్బా ఖాళీ చేసి అందులో వేసి, మూత మీద తేదీ రాశాను. ఏ డబ్బా తెరిచినా తేదీ రాయడం నా అలవాటు.

చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదు.

ఫిబ్రవరి 11

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే కడుపులోంచి ఏదో పైకి లేచింది, లిఫ్టు ఒక్కసారి కిందకు జారినట్టు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఈ తువ్వాలు, గోడ మీద ఈ ఎండ, కిటికీ అవతల ఎవరిదో ఈ దగ్గు, అంతా ఇంతకుముందు ఇలాగే జరిగిందనిపించింది. నిమిషం కూడా లేదు. పాత ఇంటి పుస్తకాలు దింపి, ఇదే తేదీని ఆరేళ్లు వెనక్కి చూశాను. అలాంటిదేమీ జరగలేదు.

ఫిబ్రవరి 19

మళ్లీ. పుస్తకాల్లో లేదు.

ఫిబ్రవరి 26

పొయ్యి మీద పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగంతా నల్లబడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. గిన్నె పెట్టినప్పుడు నాలుగూ పది. మళ్లీ గడియారం చూసేసరికి నాలుగూ ఇరవై మూడు. మధ్యలో పదమూడు నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. నలభై ఏడు నిండాయి, పరధ్యానం కాక ఇంకేమిటి.

పక్కింటావిడతో మాటల్లో పడ్డానని ఆయనకు చెప్పాను. ఆయన గిన్నె వైపు చూడలేదు. నా కళ్లలోకి చూశారు.

మార్చి 4

ఈ రోజు నుంచి రెండు మాత్రలు. నీరసంగా కనిపిస్తున్నానట. మందుల షాపులో ఆయన స్నేహితుడు పెంచమన్నాడట. రెండూ గుండీల డబ్బాలోకే. ఒక దవడలో రెండు పట్టవు. చెరో వైపు ఒకటి పెట్టుకుంటే ఆయన అడిగినదానికి జవాబు చెప్పడం కష్టంగా ఉంది.

మార్చి 15

పక్కింటావిడ మూతి ముడుచుకుంది. నిన్న గోడ మీంచి మూడుసార్లు పిలిచిందట, నేను ఆవిడ వైపే చూస్తూ ఏదో నములుతూ నిలబడ్డానట, చేత్తో కిటికీ ఊచను అదేపనిగా తుడుస్తున్నానట. "తినేదేదో మాకూ కాస్త పెడితే నీ సొమ్మేం పోయింది" అంది. నా నోట్లో ఏమీ లేదని చెప్పలేకపోయాను. ఆవిడ పిలిచినట్టే నాకు తెలియదు.

మార్చి 23

అక్షరాలు వంకర పోతున్నాయి. నిన్న పడ్డాను. హాల్లో. నాలుక పక్కన తెగింది. ఒళ్లంతా ఎవరో దంచినట్టు ఉంది. కాలు జారిందట. ఆయన మూడుసార్లు చెప్పారు, తడి నేల మీద కాలు జారిందని. నా చెప్పులు పొడిగా ఉన్నాయి.

నిన్న సాయంత్రం మాత్రలు ఆయనే నోట్లో వేసి, గుటక పడేదాకా గడ్డం పట్టుకున్నారు.

అమ్మాయి తను పనిచేసే కళ్లజోళ్ల షాపు నుంచి పావుగంటలో వచ్చేసిందట. ఏమైందని ఒక్క మాట అడగలేదు. తల కింద దిండు సర్ది, నన్ను పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పింది. చాలా నేర్పుగా తిప్పింది.

మార్చి 29

నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పాత చీటీలు చూపించాలని ఆయన ముందు ఒక్కరే లోపలికి వెళ్లారు. నాకు పాత చీటీలంటూ ఏమున్నాయి? పది నిమిషాల తర్వాత నన్ను పిలిచారు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఓపికగా అడిగింది. కడుపులోంచి లేవడం, వాసన, జరిగిపోయినట్టు అనిపించడం, అన్నీ చెప్పాను. తేదీలతో చెప్పాను. ఆవిడ రాయడం ఆపి నా వైపు చూసి, ఇంత బాగా ఎవరూ చెప్పరమ్మా అంది. మెచ్చుకోలుకు పొంగిపోయాను, ఏం రోగమో తెలియక ముందే.

ఫిట్స్ అంది. అన్ని ఫిట్సూ కింద పడి కొట్టుకునేవే కావట. కొన్ని ఇలా కళ్లు తెరుచుకునే వస్తాయట. అవి ముదిరితే మొన్నటిలా పెద్దది వస్తుందట. ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను, కంగారు పడతారేమోనని. ఆయన కంగారు పడలేదు.

"మాత్రలు వేళకు వేసుకుంటున్నారా?" అని అడిగింది. బలం మాత్రల సంగతి ఈవిడ దాకా ఎందుకు వెళ్లిందా అనుకున్నాను. ఆయన నా పక్కనే కూర్చున్నారు. వేసుకుంటున్నానని చెప్పాను. స్కాను అయ్యేదాకా కొత్త మందేమీ వద్దంది.

ఏప్రిల్ 6

స్కాను. గొట్టంలో ముప్పై ఐదు నిమిషాలు. కదలకూడదన్నారు. నిలవ ఉంచాల్సిన సామాన్లన్నీ వరసగా తలుచుకున్నాను. సర్ఫు దగ్గరికి వచ్చేసరికి నిద్ర పట్టింది.

ఏప్రిల్ 12

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసింది. చెవి పైన, మెదడు లోపల, గుర్రం మూతి చేప ఆకారంలో ఒక భాగం ఉంటుందట. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అదే దారి. దాని పేరు హిప్పోకాంపస్. మనిషికి రెండు, చెరో వైపు. నాకు ఎడమది ఎండి గట్టిపడింది. స్కానులో చూపించింది. ఒకటి చిక్కుడు గింజలా నిండుగా ఉంది, రెండోది ఏడాది కిందటి గింజలా ముడుచుకుపోయి ఉంది. ఫిట్స్ పుట్టేది అక్కడేనట. చిన్నప్పుడు పెద్ద జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చిన వాళ్లలో ఇలా కనిపిస్తుందట. నాకు అలాంటివేమీ రాలేదని చెప్పాను. అమ్మ ఉంటే అడిగేదాన్ని, పోయి మూడేళ్లయింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. రెండేళ్లప్పుడు నాకు జ్వరంలో గంటసేపు ఫిట్స్ వచ్చాయని, ఎప్పుడో మాటల్లో మా అమ్మ చెప్పిందని అన్నారు. నా చిన్నతనం గురించి నాకు తెలియనిది ఆయనకు తెలుసు. అమ్మకు అల్లుడంటే అంత చనువు.

మందులకు లొంగడం లేదు కనుక ఆపరేషన్ గురించి ఆలోచించాలంది. ముందు ఐదు రోజులు ఆసుపత్రిలో పెట్టి, తలకు వైర్లు తగిలించి, ఫిట్స్ వచ్చేటప్పుడు వీడియో తీస్తారు. జ్ఞాపకశక్తి పరీక్షలుంటాయి. అన్నీ ఒకే చోటు చూపిస్తే ఆ ఎండిన భాగం తీసేస్తారు. చాలామందికి ఫిట్స్ ఆగిపోతాయట. ఎడమవైపు కనుక తర్వాత పేర్లకు, మాటలకు తడుముకోవాల్సి రావచ్చట. ఈలోగా మందు ఎంత పడుతోందో చూడాలని రక్తం తీసుకున్నారు.

మందులకు లొంగడం లేదు అన్న మాట ఆటోలో గుర్తొచ్చింది. డాక్టర్లు అందరికీ చెప్పే మాటే కాబోలు.

ఏప్రిల్ 16

అమ్మాయి కోసం కాగితాలు రాస్తున్నాను. గ్యాసు ఎప్పుడు మార్చాలి, నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడగాలి, తాళంచెవుల్లో ఏది దేనిది. ఆపరేషన్ తర్వాత నాకు పేర్లు రాకపోతే ఇల్లు ఆగకూడదు కదా. చివర మా ముగ్గురి పేర్లు కూడా రాశాను. రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే గ్లాసుతో వచ్చారు. ఇలాంటి మనిషి చేతిలో ఉన్నందుకు ధైర్యంగా ఉంది.

ఏప్రిల్ 20

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరమ్మ రక్తం రిపోర్టు రెండుసార్లు చూసి, "ఇక్కడ ఏదో తేడా ఉందమ్మా. మీ రక్తంలో మందు జాడే లేదు" అంది.

"ఏ మందండీ?" అన్నాను.

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు తిరిగారు. "నా చేత్తో ఇస్తున్నానండీ. నా కళ్లెదురుగానే వేసుకుంటుంది."

"ఏం వేసుకుంటాను?"

ఆయన నేల చూపులు చూశారు. "అదే. బలం మాత్ర."

ఫిబ్రవరి రెండు నుంచి నేను మాత్ర మింగడం లేదని, డబ్బాలో వేస్తున్నానని చెప్పాను. ఇంటికి వెళ్లి లెక్క చూసి చెప్పగలనని కూడా అన్నాను. ఎందుకన్నానో.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మార్చిలో ఆ పది నిమిషాల్లో ఆయన చెప్పినవన్నీ అప్పుడు నా ముందు చెప్పింది. అమ్మాయి పుట్టిన మూడో నెలలో మొదటిసారి వచ్చింది. అప్పుడే మూర్ఛ అని తేల్చారు, అప్పటి నుంచి మందు. ఈ మధ్య రెట్టింపు చేసినా ఆగడం లేదు. "పాత సంగతులు ఎత్తితే ఆవిడ బాధపడుతుంది, నేనే చెబుతాను అన్నారు. ఆవిడకు తెలియనే తెలియదని మీరు నాకు చెప్పలేదు" అంది ఆయనతో. నా వైపు తిరిగి, "మందు పని చేయడం లేదనుకుని ఆపరేషన్ దాకా వచ్చాం. అసలు మందే లోపలికి వెళ్లలేదు" అంది. పాపం, ఆవిడ తప్పేముంది.

ఆయన ఇచ్చింది మందని నాకు తెలియదు. నేను మింగలేదని ఆయనకు తెలియదు. ఇద్దరి దొంగతనాలు కలిసి నా తలను కోత దాకా తెచ్చాయి.

డబ్బాలో నూట ఇరవై రెండు మాత్రలు ఉన్నాయి. పడిన రోజు ఆయన నోట్లో వేసిన రెండూ తప్ప అన్నీ ఉన్నాయి.

ఏప్రిల్ 21

ఇరవై రెండేళ్లు.

ఏప్రిల్ 22

అడిగాను. చెప్పారు.

మాత్రలు పట్టీల్లోనే వచ్చేవట. నెలకోసారి మధ్యాహ్నం ఆఫీసులో అందరూ భోజనానికి లేచాక, తలుపు వేసుకుని ముప్పై మాత్రలూ ఒక్కొక్కటిగా నొక్కి తీసి, పేరులేని సీసాలో పోసేవారట. ఖాళీ పట్టీలను కాగితంలో చుట్టి దారిలో చెత్తకుండీలో వేసేవారట. ఇరవై రెండేళ్లు. నేను మూతల మీద తేదీలు రాసుకుంటుంటే, ఆయన మందుల మీద పేర్లు చెరుపుతున్నారు.

"నీకు చెబితే పిల్లని ఎత్తుకోవడానికి భయపడేదానివి. మీ అమ్మ నా చేతులు పట్టుకుని వద్దని ఏడ్చింది. నీ మంచికే చేశాం" అన్నారు.

"మరి పిల్ల నడిచాక? బడికి వెళ్లాక? ఉద్యోగంలో చేరాక?"

"ఎప్పటికప్పుడు చెబుదామనే అనుకున్నాను. ఆలస్యం అయ్యేకొద్దీ చెప్పడం కష్టమైంది." తర్వాత, "నువ్వూ దాచావుగా" అన్నారు.

"నేను దాచింది డెబ్బై ఏడు రోజులు" అన్నాను.

కంచే చేను మేసిందని సామెత. ఈ కంచె మేయలేదు, కాసింది. కాసిన సంగతి చేనుకు చెప్పలేదు. దీనికి సామెత లేదు.

ఏప్రిల్ 24

అమ్మాయికీ తెలుసు.

నేను అడగలేదు, తనే వచ్చి మంచం అంచున కూర్చుంది. ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న నేర్పారట. అమ్మ ఆగిపోతే ఏం చెయ్యాలి: చేతిలో కత్తి ఉంటే మెల్లగా తీసుకోవాలి, పొయ్యి ఆపాలి, గట్టిగా పిలవకూడదు, అయిపోయాక ఏమీ జరగనట్టు ఉండాలి. ఆట అనుకుందట మొదట్లో.

చిన్నప్పుడు బడి నుంచి రాగానే వంటింటి గడప మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. హాల్లో ఫ్యాను ఉండగా ఈ ఉక్కలో ఏమిటే అంటే, నీ దగ్గరే బాగుంటుందమ్మా అనేది. అది ఎంతమందికి చెప్పుకున్నానో. మా పిల్ల నన్ను వదలదండీ అని.

"నీ దగ్గర బాగుండేది కూడానమ్మా" అంది. "రెండూ నిజమే."

తలుపు దగ్గరగా వేసి వెళ్లమన్నాను.

ఏప్రిల్ 25

నిద్ర పట్టక పాత పుస్తకాల్లో మరమ్మతుల జాబితాలు చూశాను. బాత్రూం గడియ పదకొండేళ్లుగా రాస్తూ వచ్చాను. ప్రతి ఏడూ ఆయన చూస్తాలే అనేవారు. ఆ గడియ ఊడిపోలేదు, ఊడదీశారు. స్కూటీ నేర్చుకుంటానంటే ఈ రోడ్ల మీద వద్దన్నారు. డాబా మెట్లకు తాళం పెట్టి కోతులన్నారు. ఈ చుట్టుపక్కల కోతిని చూసిన వాళ్లు లేరు.

నేను నడుపుతున్నాననుకున్న ఇల్లు.

ఏప్రిల్ 30

డాక్టరమ్మను నేనే కలిశాను. అమ్మాయి బయట కూర్చుంది. ఒంటరిగా రావద్దన్నారు కనుక తీసుకెళ్లాను, అంతవరకే. ఇరవయ్యో తేదీనే మాత్ర పేరు రాయించుకుని, పట్టీలు నేనే కొని, నేనే వేసుకుంటున్నాను. పది రోజులైంది. ఒక్కసారి వాసన వచ్చి పోయింది.

మాత్ర మళ్లీ పడుతోంది కనుక ఇక ఆపరేషన్ అక్కర్లేదు కదా అని అడిగాను. అలా చెప్పలేనంది. ఎండిన గింజ ఎండినట్టే ఉంటుంది. "మందు సరిగ్గా పడిన ఇన్నేళ్లలోనూ మాటిమాటికీ వచ్చి ఉంటే ఆపరేషన్ మంచిదే. ఎప్పుడో ఒకటి వచ్చి ఉంటే మందుతోనే నెట్టుకు రావచ్చు. నాకు ఆ లెక్క కావాలి. ఎప్పుడెప్పుడు, ఎన్ని, ఎంతసేపు."

ఇరవై నాలుగేళ్లుగా సబ్బుబిళ్ల ఎన్ని రోజులు వచ్చిందో రాసిపెట్టినదాన్ని. ఆ లెక్క నా దగ్గర లేదని చెప్పాల్సి వచ్చింది.

"మీవారి దగ్గర ఉంటుంది" అంది.

అంటే తల నాది. కోయాలో వద్దో తేలేది ఆయన నోటి మాట మీద.

మే 3

ఆదివారం. భోజనాల బల్ల దగ్గర ఆయనను ఎదురుగా కూర్చోబెట్టాను. నా పక్కన పాత ఇంటి పుస్తకాలన్నీ ఏళ్ల వరసలో పెట్టాను. ఆయన చెబుతారు, నేను రాస్తాను, ఆ తేదీకి నా పుస్తకం తీసి చూస్తాను. వినడమంటే వింటాను కానీ, పుస్తకం చూడకుండా నమ్మను.

మొదటి ఏడాదిలో మూడు పెద్దవి, బాలింత నీరసంతో కళ్లు తిరిగాయని అప్పట్లో నాకు చెప్పినవి. తర్వాత మందు కుదిరి ఏడాదిన్నర ఏమీ లేదన్నారు. నా పుస్తకం తిరగేశాను. ఆ ఏడాదిన్నరలో నాలుగుచోట్ల "కూర మాడింది, పరధ్యానం" అని నా చేతిరాతే ఉంది. చూపించాను.

"అవి చిన్నవి. నిమిషం కూడా ఉండవు. అవెందుకు రాయడం" అన్నారు.

ఆపరేషన్ అంటే ఆయనకు భయం. లెక్క తగ్గితే కోత తప్పుతుందని చూస్తున్నారు. ఇప్పటికీ, ఈ బల్ల దగ్గర కూర్చుని కూడా, నా మంచికే. నాలుగూ రాశాను.

ఆరో ఏట ఆగస్టు పదిహేడు దగ్గర చాలాసేపు ఆగారు. నేను పుస్తకం తీశాను. "అమ్మాయికి చెప్పులు కొన్నాం. తలనొప్పి" అని ఉంది.

"రోడ్డు మధ్యలో ఆగిపోయావు. పిల్ల చెయ్యి నీ చేతిలో ఉంది. బస్సు వస్తోంది. నేను రెండడుగులు వెనక ఉన్నాను" అన్నారు. "చెప్పులు నిజంగానే కొన్నాం. తర్వాత కొన్నాం. నీకు గుర్తుండడానికి ఏదో ఒకటి కావాలని కొన్నాను."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏడుస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఇరవై రెండేళ్లు రెండడుగుల వెనకే నడిచిన మనిషి. లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసేదాన్ని, నెల కిందటైతే.

"ఎంతసేపు?" అన్నాను.

"ఏమిటి?"

"ఆ రోజు నేను ఆగిపోయింది. ఎంతసేపు?"

"రెండు నిమిషాలుంటుంది."

రెండు నిమిషాలు అని రాశాను. మొదట చెప్పులు కొన్నాం అని ఉన్న చోట, పక్కన ఎర్ర సిరాతో జరిగింది రాశాను. ఏడో ఏట రెండు. ఎనిమిదో ఏట ఒకటి, అదీ ఆయన చెప్పలేదు, నా పుస్తకంలో ఒలికిన నూనె చెప్పింది. అప్పటికి మూడు గంటలైంది. అమ్మాయి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్లింది.

ఆయన గొంతు బొంగురుపోయింది. కాసేపు ఆగుదామా అన్నారు. తొమ్మిదో పుస్తకం తెరిచాను.

"ఇంకా ఎన్నేళ్లున్నాయి?" అన్నారు.

"పద్నాలుగు" అన్నాను.